పిలువని పేరంటము: ఇంటి కంప్యూటరులో ప్రకటనల బెడద

(మన పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల పని ఒకపూట మానుకొని కొందఱును, విరుదునగరములో అంగడి మూసికొని బస్సెక్కి కొందఱును ఈ సభకు విచ్చేసితిరి. కృతజ్ఞులము. ఏటేట ఈ దినమున పరీక్షలనుగూర్చియో, తెలుగు మాధ్యమములో పిల్లలు తగ్గిపోవుటనుగూర్చియో మాటలాడుట మా యలవాటు. ఈ యేడు ఇంటి కంప్యూటరులోనికి పిలువకయే వచ్చి కూర్చుండు ప్రకటనలనుగూర్చి మాటలాడదలచితిమి. ఇది ప్రధానోపాధ్యాయుడు చెప్పవలసిన విషయమా యని మీకు తోచవచ్చును. ఒక బాలునియెడ మేము చేసిన తప్పు ఇందు ఇమిడియున్నది. ముందుగా దానినే చెప్పెదము.

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలకు కొద్ది దినముల ముందు, విరుదునగరమునుండి ఒక తండ్రి మా గదికి వచ్చిరి. పప్పుధాన్యముల వ్యాపారము చేయువారు, మాట నిలుకడ గలవారు. వెంట తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడు. "వీడు రాత్రిపూట కంప్యూటరులో చూడరానివి చూస్తున్నాడు సార్, మీరే బుద్ధి చెప్పండి" అనిరి. వారి యింటనున్న ల్యాప్‌టాపు ఆ బాలుని అక్కకు పండ్రెండవ తరగతిలో ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చినది. 2011 సెప్టెంబరు 15న ఆరంభమైన ఆ పథకము వలననే మన ప్రాంతమున అనేక గృహములలో మొదటి కంప్యూటరు అడుగుపెట్టినది. ఆ యంత్రములో పాఠమునకై ఏ పుట తెఱచినను ప్రక్కన అసభ్యములైన చిత్రములును, జూదపు పిలుపులును వచ్చుచున్నవట. బాలుడు "నేనేమీ చేయలేదు సార్" అని ఏడ్చెను. మేము నమ్మలేదు. తప్పు చేసినవాడు ఏడ్చుట మేము ముప్పది యేండ్లుగా చూచుచున్నాము కదా! గట్టిగా గద్దించి, నెల దినములు కంప్యూటరు గదిలో అడుగుపెట్టరాదని ఆజ్ఞాపించితిమి. ఇంటియొద్ద తండ్రి చేయిచేసికొనిన సంగతి తరువాత తెలిసినది.

ఆ నెల ముగియకముందే మా కార్యాలయపు కంప్యూటరు పాతదైపోగా క్రొత్తది వచ్చెను. తెలుగు ప్రశ్నపత్రము టైపు చేయవలసియుండెను. క్రొత్త యంత్రములో తెలుగు ఎట్లు వచ్చునో మాకు తెలియలేదు. గుమాస్తా సెలవులో నుండెను. ఉచితముగా తెలుగు టైపు చేయించు సాధనము కావలెనని ఇంటర్నెట్టులో వెదకితిమి. దొరకిన పుటలో ఆకుపచ్చని బొత్తాములు మూడు కనబడెను. మూడింటిమీదను "డౌన్‌లోడ్" అనియే యుండెను. అన్నిటికంటె పెద్దదానిని నొక్కితిమి. అటుపిమ్మట "నెక్స్ట్", "నెక్స్ట్", "ఐ అగ్రీ" అని అడిగిన ప్రతిదానికిని తలయూపితిమి. తెలుగు రాలేదు. రెండు దినములు గడచిన తరువాత ఉపాధ్యాయుల సమావేశములో మార్కుల పట్టికను తెరమీద చూపుచుండగా, విరుదునగరపు తండ్రి చెప్పినట్టి చిత్రమే పట్టిక ప్రక్కన ప్రత్యక్షమయ్యెను. ఉపాధ్యాయినులు తలలు వంచుకొనిరి. మేము యంత్రపు తీగనే పీకివేసితిమి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మా వంటి వృద్ధుని యంత్రములో ఆ చిత్రము వచ్చినపుడు అది యంత్రదోషమయ్యెను. పదునాలుగేండ్ల బాలుని యంత్రములో వచ్చినపుడు గుణదోషమెట్లయ్యెను?

మఱుసటి వారము ఆ తండ్రిని ల్యాప్‌టాపుతో రమ్మని కబురు పంపితిమి. అప్పటికి మా గణితోపాధ్యాయుడు మా యంత్రమును బాగుచేసియుండిరి. వారు చూపిన ఉపాయము చిన్నది. సెట్టింగ్స్ తెఱచి, యాప్స్ అనుచోట, యంత్రములోనున్న ప్రోగ్రాములనన్నిటిని చేరిన తేదీ వరుసను చూడవచ్చును. దుకాణపు చిట్టావలె ఏ సరకు ఏనాడు లోపలికి వచ్చినదో అందు తెలియును. ల్యాప్‌టాపులో ఎవ్వరును ఎఱుగని పేర్లు గల ప్రోగ్రాములు రెండుండెను. రెండును ఒకే దినమున చేరినవి. అదే దినమున చేరిన మూడవది, వధూవరుల జాతకముల పొంతన చూచు ఉచిత ప్రోగ్రాము. ఆ తేదీ చూచి తండ్రి కొంతసేపు మాటలాడలేదు. కుమార్తెకు సంబంధము వచ్చిన వారమది. జాతకము చూచినది వారే.

బాలుని పిలిపించి, తండ్రియెదుటనే మేము క్షమాపణ చెప్పితిమి. "పరవాలేదు సార్" అనెను. నెల దినములు తోటివారి చూపులకు తలవంచుకొని తిరిగినవానికి ఎంత పరవాలేదో మాకు తెలియును.

ఇక ఈ బెడద యేమిటో చెప్పెదము. దీనిని ఆంగ్లమున యాడ్‌వేర్ అందురు. ప్రకటనలన్నియు చెడ్డవని మా యభిప్రాయము కాదు. మన వార్షిక సంచికలో వ్యాపారస్థులగు మీరిచ్చు ప్రకటనలు లేనిచో అచ్చుకూలియైన గిట్టదు. శివకాశిలో అచ్చయిన సినిమా పోస్టరును వీధిగోడకు అంటించినచో మనకు అభ్యంతరము లేదు. రాత్రివేళ గొళ్ళెము తీసికొని లోపలికి వచ్చి, పూజగదిలో అంటించిపోయినచో ఊరకుందుమా? యాడ్‌వేరు చేయునది అదియే. బ్రౌజరు మొదటి పుటను మార్చును. మనము వెదకినదొకటి, అది చూపునది మఱియొకటి. మనమేమి చూచుచున్నామో కనిపెట్టి ఇతరులకు అమ్మునవియు కలవు. గొళ్ళెము తీసినవారు మాత్రము మనమే. మనకు కావలసిన ప్రోగ్రాముతో దీనిని జతకట్టి పంపుదురు. "ఇదియును చేర్చుకొందును" అనుచోట ముందుగానే గుర్తు పెట్టియుందురు. మనము చదువక నొక్కుదుము.

ఇందులో లాభమెవరికని మీరడుగవచ్చును. ఎన్ని యంత్రములలో చేర్చిన అన్ని రూకలని లెక్కగట్టి, పంచినవానికి కూలి ఇచ్చు వ్యాపారమిది. ఇట్టి అవాంఛిత ప్రోగ్రాములనుగూర్చి గూగులు రక్షణవ్యవస్థ వారమునకు 6 కోట్లకు మించి హెచ్చరికలు చూపవలసివచ్చుచున్నదని 2016లో ఆ సంస్థ పరిశోధకులు తెలిపిరి. 2017 జూనులో చెక్ పాయింట్ అను భద్రతాసంస్థ, ఫైర్‌బాల్ అను యాడ్‌వేరునుగూర్చి ప్రకటించెను. దానిని నడుపుచున్నది బీజింగు నగరములోని ఒక ప్రకటనల సంస్థయనియు, ప్రపంచమున 25 కోట్ల యంత్రములలో అది చేరినదనియు, అందు అన్ని దేశములకంటె ఎక్కువగా భారతదేశమున 2 కోట్ల 53 లక్షలనియు లెక్క చెప్పెను. ఈ లెక్క హెచ్చని మైక్రోసాఫ్టువారు వాదించిరి. అయినను ఉచిత ప్రోగ్రాములతో జతపడి వచ్చినదన్న మాటలో భేదము లేదు.

క్రొత్త యంత్రమైనచో భయము లేదని అనుకొనరాదు. లెనోవో సంస్థ 2014లో అమ్మిన కొన్ని ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల ప్రోగ్రామును కార్ఖానాలోనే చేర్చెను. బ్యాంకు పుటలకుండు తాళమును సయితము అది బలహీనపఱచుచున్నదని 2015 ఫిబ్రవరిలో బయటపడగా సంస్థ దానిని మానుకొనెను. అమెరికాలో విచారణ సాగి 2017లో రాజీ కుదిరినది. దుకాణపు లెక్కలు, జి.ఎస్.టి. పత్రములు, బ్యాంకు ఖాతా, పిల్లవాని పాఠములు అన్నియు ఒకే యంత్రమున నుంచుకొను విరుదునగరపు వర్తకులు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

దీనిని తీసివేయు విధము మన కరిసల్ నేలవారికి చెప్పుట సులభము. ఇచ్చట సీమై కరువేలమనియు, ఆంధ్రదేశమున సర్కారు తుమ్మయనియు పిలుచు ముండ్లచెట్టును మీరెఱుగుదురు. వంటచెఱకునకు పనికివచ్చునని నాటిరి. చెఱువులు, బీళ్ళు అన్నియు అదే ఆక్రమించెను. తొలగింపుడని 2017లో మదరాసు హైకోర్టు మదురై శాఖయే ఆజ్ఞాపింపవలసివచ్చినది. పైన నఱికినచో మఱల చిగుర్చును. వేరుతో పెకలింపవలెను. యాడ్‌వేరును అంతే. ఒకచోట తీసి ఊరకున్నవారు "మఱల వచ్చినది సార్" అని మావద్దకు తిరిగి వచ్చుచున్నారు.

మొదట చూడవలసినది నోటిఫికేషన్లు. తెర క్రిందిమూల కుడిప్రక్కన టపటప ప్రకటనలు పుట్టుచున్నచో, చాలసారులు అది ప్రోగ్రామే కాదు. సినిమాపాటల పుటయో, క్రికెట్టు పుటయో "మీరు మనిషియని నిరూపించుటకు అలౌ నొక్కుడు" అని యడిగియుండును. నొక్కియుందుము. అది మనము వ్రాసియిచ్చిన అనుమతిపత్రము. బ్రౌజరు సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అను వరుసను పోయి, ఎఱుగని పేర్లన్నిటిని తొలగించినచో కొందఱి బాధ అంతటితో తీరును. కోవిల్పట్టి తల్లి యొకరు రెండువందల రూపాయలిచ్చి బాగుచేయించుకొనదలచిన పని ఇట్లు రెండు నిమిషములలో ముగిసినది.

తీరనిచో బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్లు అనుచోట చూడుడు. మీరు కోరి చేర్చనిదేదియు అచ్చట ఉండరాదు. పిమ్మట తేదీల పట్టిక. బెడద మొదలైన దినమును తలచుకొని, ఆనాడు చేరిన యపరిచిత ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయుడు. అప్పుడు వేళ్ళకొఱకు యాడ్‌డబ్ల్యు క్లీనర్ అను ఉచిత సాధనమును నడుపవలెను. దీనిని 2016నుండి మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారు నిర్వహించుచున్నారు. వారి స్థలమునుండియే తెచ్చుకొనవలెను. యాడ్‌వేరు తీయు మందని చెప్పి యాడ్‌వేరునే అమ్మువారున్నారు సుమా! భారత ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రముకూడ దుష్టప్రోగ్రాములను తొలగించు సాధనములను ఉచితముగా నిచ్చుచున్నది. విండోసులోనే యున్న రక్షకభటుడు డిఫెండరుచేత ఒకసారి పూర్తి సోదా చేయింపుడు. కొన్ని పాత వ్రాతలలో క్రోము బ్రౌజరునందే శుభ్రపఱచు సాధనము కలదని యుండును. గూగులువారు 2023లో దానిని తీసివేసిరి, వెదకి శ్రమపడవలదు.

తుదకు బ్రౌజరును రీసెట్ చేయవలెను. మీరు దాచుకొనిన పుటల పేర్లును పాస్‌వర్డులును పోవు. మొదటి పుటయు వెదకు యంత్రమును యథాస్థితికి వచ్చును. ఇంత చేసినను మఱల చిగుర్చుచున్నచో ఒక కారణము తఱచుగా మఱపునబడును. మీ గూగులు ఖాతా ఆ బ్రౌజరుతో ముడిపడియుండి, ఇంటిలోని మఱియొక కంప్యూటరునుండి చెడ్డ ఎక్స్‌టెన్షనును తెచ్చి పెట్టుచుండును. అన్ని యంత్రములలోను ఒకేసారి తీయవలెను. బ్యాంకు పాస్‌వర్డును మార్చుటకు శుభ్రమైన వేఱొక యంత్రమును వాడుడు.

ఇచ్చట మఱియొక సంగతి. తెరనిండ ఎఱ్ఱని యక్షరములు, చెవులు గింగిరులెత్తు కూత, "మీ కంప్యూటరునకు వైరసు సోకినది, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు" అను ఆజ్ఞ కనబడినచో అది శుద్ధాబద్ధము. మైక్రోసాఫ్టువారి హెచ్చరికలలో ఫోను నంబరుండదు. మన తల్లులలో ఒకరు ఆ నంబరునకు ఫోను చేసి, అవతలివాడు చెప్పినట్లు దూరమునుండి యంత్రమును నడుపు ప్రోగ్రామును చేర్చుచుండిరి. ఏడవ తరగతి చదువు కుమార్తె పరుగున వచ్చి ఇంటర్నెట్టు పెట్టె తీగను లాగివేసినది. లేనిచో నెలజీతము పోయియుండెడిది. అట్టి తెర వచ్చినపుడు పవరు బొత్తామును పట్టి నొక్కి యంత్రమును ఆపుడు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచవలదు. తత్‌క్షణమే 1930కు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము దొరకుట కష్టమగును.

రాకుండ కాచుకొనుటయే తీసివేయుటకంటె తేలిక. మనవారు ఇంటర్నెట్టులో ఎక్కువగా వెదకునవి తెలుగు అక్షరములు, తెలుగు పుస్తకములు, తెలుగు పాటలు. ఊరిలో తెలుగు పుస్తకముల దుకాణము లేనివారము, మఱి యెక్కడ వెదకుదుము? ఆ యాకలి తెలిసినవారే అచ్చట వల పన్నుచున్నారని మా యనుమానము. మా తప్పు సంగతి చూడుడు. విండోసులో తెలుగు కీబోర్డు ముందునుండియే యున్నది. ఆంగ్లాక్షరములతో ఉచ్చారణ ననుసరించి టైపు చేయు పద్ధతికూడ 2019నుండి విండోసు 10లో చేరినది. సెట్టింగ్స్‌లో భాషలు అనుచోట తెలుగును చేర్చుకొనిన చాలును. గౌతమి, నిర్మల అను అక్షరములును దానిలోనివే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకితిమి! అందమైన అక్షరములు కావలెనన్నచో మండలి, గురజాడ, సూరన్న, రామభద్ర మున్నగు ఫాంటులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితముగా, ఏ జతయు లేక దొరకును. ఆహ్వానపత్రికకైనను చాలును. వ్రాతపనికి లిబ్రే ఆఫీసు ఉచితము, తెలుగులోకూడ కలదు. పాఠ్యపుస్తకములు తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వముల విద్యాస్థలములలో ఉచితముగా నున్నవి. వానికై "ఫ్రీ పిడిఎఫ్" అను సంతలో తిరుగనేల?

వెదకినపుడు మొదట కనబడునది మంచిదని నమ్మరాదు. "స్పాన్సర్డ్" అని యున్నచో అది డబ్బు కట్టి ముందు వరుసలో కూర్చుండినది. చేర్చునపుడు "కస్టమ్" అను త్రోవ యున్నచో దానినే పట్టి, ముందే పెట్టియున్న గుర్తులను తీసివేయుడు. వెలగల సాఫ్టువేరునకు దొంగ తాళముచెవులు పంచు పుటల జోలికే పోవలదు. ఈ మాట అనిన మా ఊరి డి.టి.పి. మిత్రులకు కోపము వచ్చును, రానిండు.

అన్నిటికంటె గట్టి కట్టడి యొకటి కలదు. ఇంటి కంప్యూటరులో ప్రతివారికిని వేఱువేఱు ఖాతాలు పెట్టి, వానిని "స్టాండర్డ్" తరగతిలో నుంచుడు. అడ్మినిస్ట్రేటరు ఖాతా ఒక్కటియే యుండి, దాని పాస్‌వర్డు క్రొత్తది చేర్చునపుడు మాత్రమే వాడవలెను. అన్నిటిని ఆపదు గాని, నొక్కబోవు చేతిని ఒక క్షణము నిలుపును. ఇది పిల్లలకు శిక్ష యని తలపవలదు, పెద్దలకే ఎక్కువ అవసరము. మా కార్యాలయపు యంత్రములో ఇప్పుడు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు గణితోపాధ్యాయునియొద్ద నున్నది. ప్రధానోపాధ్యాయునికి అనుమతి లేదు.

ప్రభుత్వమిచ్చిన పాత ల్యాప్‌టాపులు గలవారికి ఒక మాట. విండోసు 10కు సాధారణ నవీకరణములు 2025 అక్టోబరు 14తో ఆగినవి. చాలవానిలో విండోసు 11 పట్టదు. తొలినాళ్ళలో ఇచ్చినవానిలో విండోసుతోబాటు, సి-డాక్‌వారి బాస్ లినక్స్ ఉండుట మీలో కొందఱికి జ్ఞాపకముండును. నేడును అట్టి యంత్రములను లినక్సుతో నడుపవచ్చును. విండోసుకొఱకు వ్రాసిన యాడ్‌వేరు అందు సాధారణముగా పనిచేయదు. బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లవిషయమున, నోటిఫికేషన్లవిషయమున జాగ్రత్త మాత్రము అందును తప్పదు.

ప్రతినెల రెండవ శనివారము ఉదయము 10 గంటలనుండి 1 గంటవఱకు మన కంప్యూటరు గది తల్లిదండ్రులకొఱకు తెఱచియుండును. రుసుము లేదు. గణితోపాధ్యాయునితో కలసి ఈ పని చూచునది విరుదునగరపు ఆ బాలుడే. ఇప్పుడు పదవ తరగతి. తానే వచ్చి అడిగెను. మీ పిల్లలమీద ఏదేని అనుమానముండినచో, వారిని గద్దింపకముందు యంత్రమును అతనియొద్దకు తెండు. తేదీల పట్టిక చూచుటలో అతడు మాకంటె నేర్పరి. ఛార్జరు తెచ్చుట మఱవవలదు.